ఇంట్లో పెద్దవారికి తోడు మనిషిని పెట్టుకునే ముందు

మా అత్తగారికి పక్షవాతం వచ్చి కుడిపక్క చెయ్యీ కాలూ స్వాధీనం తప్పాయి. ఆసుపత్రివారు ఇంటికి పంపిస్తామన్న రోజున మేము చేసిన మొదటి పని ఇళ్లకు మనుషులను పంపే ఒక బ్యూరోకు ఫోన్ చేసి ఆయా కావాలని అడగడం. అవతలివారు "పన్నెండు గంటలకా, ఇరవై నాలుగు గంటలకా?" అని ఒక్క ప్రశ్న వేశారు, మేము ఒక్క మాటలో జవాబు చెప్పాము, మర్నాడు పొద్దున్నే ఒకామె సంచీతో వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె నెమ్మదైన మనిషి, వంట చక్కగా చేసేది. కానీ కాలు నిలవని మనిషిని మంచం మీద నుంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టడం ఆమెకు తెలియదు, ఎవరూ నేర్పలేదు. తొమ్మిదో రోజున నడుం పట్టేసి వెళ్లిపోయింది. తప్పు ఆమెది కాదు. మాకు ఏ పని కావాలో మేమే తేల్చుకోకుండా మనిషిని పిలిచాము. రెండోసారి మనిషిని వెతికే ముందు ఆ పని ఏమిటో కాగితం మీద పెట్టాము, ఆ తర్వాతే సరైన మనిషి దొరికింది. ఇక్కడ రాస్తున్నదంతా ఆ క్రమంలో నేర్చుకున్నదే.

ఇది వైద్యానికి సంబంధించిన నర్సింగ్ గురించి కాదు. స్నానం, బట్టలు, తిండి, నడక, మరుగుదొడ్డికి తీసుకెళ్లడం, రాత్రి తోడు, పగలు పలకరింపు వంటి పనులకు ఇంటికి వచ్చే మనిషిని ఎలా ఎంచుకోవాలన్నదే విషయం.

ముందు మూడు రోజుల చిట్టా

ఎవరికీ ఫోన్ చేయకముందు మూడు రోజులపాటు పెద్దవారి దినచర్యను గంట గంటకూ ఒక పుస్తకంలో రాయండి. ఎన్నింటికి లేచారు, లేవడానికి ఎవరి చెయ్యి పట్టుకున్నారు, ఎంత తిన్నారు, తినడానికి ఎంతసేపు పట్టింది, మరుగుదొడ్డికి ఎన్నిసార్లు వెళ్లారు, ఎక్కడ తడబడ్డారు అన్నవి రాయాలి. ప్రతి పనికీ ఎదురుగా మూడు మాటల్లో ఒకటి చేర్చండి: తానే చేసుకున్నారు, చెయ్యి సాయంతో చేశారు, మరొకరు చేసి పెట్టారు.

సిడ్నీ కాట్జ్ అనే అమెరికన్ వైద్యుడు తన సహచరులతో కలిసి 1963లో ప్రచురించిన కొలమానంలో ఇటువంటి పనులు ఆరు ఉన్నాయి: స్నానం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డి వాడకం, మంచం నుంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాల మీద అదుపు, తినడం. సాధారణంగా మనిషికి మొదట చేతకాకుండా పోయేది స్నానమనీ, చివరిదాకా నిలిచేది తన చేత్తో తాను తినగలగడమనీ ఆయన గమనించారు. ఈ మాట మన ఇళ్లలో చాలా పనికొస్తుంది, ఎందుకంటే పెద్దవారు మొదట దాచేదీ స్నానం సంగతే. మా మామగారు చాలా రోజులు "స్నానం అయిందమ్మా" అని చెప్పేవారు. దండెం మీది తువ్వాలు మాత్రం పొడిగా ఉండేది. జారి పడతానన్న భయం వల్ల ఆయన బాత్‌రూమ్‌లోకి వెళ్లి కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చేస్తున్నారని ఆ తువ్వాలు చూశాకే మాకు తెలిసింది. ఆయనకు ఆ దశలో కావలసింది రోజుకు ఒక గంట సాయం, బాత్‌రూమ్ గోడకు పట్టుకోవడానికి రెండు స్టీలు కడ్డీలు, కూర్చుని పోసుకోవడానికి ఒక ప్లాస్టిక్ కుర్చీ మాత్రమే. చిట్టా రాయకపోతే ఆయనకూ పన్నెండు గంటల మనిషిని పెట్టి, ఆయన ఇంకా చేసుకోగలిగిన పనులన్నీ చేతిలోంచి లాక్కునేవాళ్లం.

చిట్టాలో అన్నిటికంటే ముఖ్యమైనది రాత్రి లెక్క. పదిన్నరకు పడుకున్నవారు తెల్లవారేలోగా ఎన్నిసార్లు లేచారో, లేచిన ప్రతిసారీ ఎంతసేపు పట్టిందో రాయండి. ఒక్కసారే లేచేవారైతే ఇంట్లోనే ఉండే 24 గంటల మనిషి సరిపోవచ్చు. మూడు నాలుగుసార్లు లేస్తుంటే ఒక్క మనిషి పగలూ రాత్రీ చేయడం అసాధ్యం. నిద్ర లేని మనిషి చేతుల్లో లేవలేని మనిషిని పెట్టడం ఇద్దరికీ ప్రమాదం. అటువంటప్పుడు పగటికి ఒకరు, రాత్రికి ఒకరు కావాలి, లేదా రాత్రిపూట ఇంటివారు వంతులు వేసుకోవాలి. 24 గంటల డ్యూటీ అంటే 24 గంటలు మెలకువగా ఉండటం కాదని బ్యూరోవారు సాధారణంగా తామై చెప్పరు, కుటుంబమూ అడగదు. చాలా ఇళ్లలో మనుషులు నిలవకపోవడానికి ఇదే కారణమని నా నమ్మకం.

నర్సు పని ఏది, తోడు మనిషి పని ఏది

చిట్టా చేతికి వచ్చాక, దాన్ని వైద్యం చేస్తున్న డాక్టరుకు చూపించి ఏ పనికి నర్సు కావాలో, ఏ పనికి అక్కర్లేదో అడిగి గీత గీయించుకోండి. డాక్టరు చెప్పిన మోతాదులో ఇన్సులిన్ సూది వేయడం, మూత్రపు గొట్టం వేయడం లేదా మార్చడం, రైల్స్ ట్యూబ్ అనే ముక్కు గొట్టం అమర్చడం, పుండుకు డ్రెస్సింగ్, సెలైన్ పెట్టడం వంటివి ఏఎన్ఎం, జీఎన్ఎం లేదా బీఎస్సీ నర్సింగ్ చదివి నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదైనవారి పనులు. మూత్రపు సంచి నిండితే ఖాళీ చేసి కొలత రాయడం, డబ్బాలో విడివిడిగా సర్ది పెట్టిన మాత్రలను వేళకు గుర్తుచేసి నీళ్లతో అందించడం, డైపర్ మార్చడం తోడు మనిషి చేయవచ్చు. ఏ మాత్ర ఎంత వేయాలో ఆమె తేల్చకూడదు; మాత్రల డబ్బాను వారానికొకసారి ఇంటివారే నింపాలి.

"హోమ్ నర్సు" అన్న మాట మన ఊళ్లలో అందరికీ వాడేస్తున్నారు. కొద్ది వారాల శిక్షణ పొందినవారినీ, ఏ శిక్షణా లేనివారినీ కూడా ఆ పేరుతోనే పంపుతున్నారు. పేరు మీద ఆధారపడక, ఏ కోర్సు చదివారు, ఎక్కడ, ఎప్పుడు అని అడిగి పత్రం చూడండి. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అనే రోగి సహాయకుల శిక్షణ పూర్తి చేసినవారికి పక్క మార్చడం, లేపి కూర్చోబెట్టడం, మంచం మీదే ఒళ్లు తుడవడం నేర్పుతారు. పత్రం లేకపోయినా పదేళ్లుగా ఇదే పని చేసి చేయి తిరిగినవారు ఉంటారు, వారిని కాదనక్కర్లేదు. అయితే వారి పనిని కళ్లారా చూసి తేల్చుకోవాలి.

ఖర్చు సంగతి ఇక్కడే చెప్పాలి. ఆరోగ్య బీమా సాధారణంగా ఆసుపత్రి చికిత్సకే వర్తిస్తుంది. 70 ఏళ్లు నిండినవారందరికీ 2024లో విస్తరించిన ఆయుష్మాన్ భారత్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం కూడా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చునే భరిస్తుంది. తోడు మనిషి జీతం కుటుంబమే భరించాలి కనుక, ఆ భారం ఏ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎంతెంత పంచుకుంటారో మనిషి రాకముందే తేల్చుకోవడం మంచిది.

బ్యూరోను అడగవలసినవి

మనిషి దొరికే దారులు రెండు. తెలిసినవారి ద్వారా నేరుగా పెట్టుకోవడం ఒకటి, బ్యూరో ద్వారా తెచ్చుకోవడం మరొకటి. నేరుగా పెట్టుకుంటే ఇచ్చే ప్రతి రూపాయీ ఆమె చేతికే వెళ్తుంది, అనుబంధమూ నిలుస్తుంది. కానీ ఆమెకు జ్వరం వచ్చిన రోజున మీకు మరో మనిషి ఉండదు. బ్యూరో అయితే బదులు మనిషిని పంపవలసిన బాధ్యత వారిది. ఆ సౌకర్యానికే మీరు అదనంగా చెల్లిస్తున్నారు కనుక, ఆ మాటనే గట్టిగా పట్టుకోవాలి: మనిషి రాని రోజున ఎన్ని గంటల్లో రిలీవరును పంపుతారు, పంపలేకపోతే ఆ రోజు డబ్బు తగ్గిస్తారా, మొదటి వారంలో మనిషి నచ్చకపోతే రిజిస్ట్రేషన్ ఫీజు మళ్లీ అడుగుతారా, అడ్వాన్సుగా కట్టిన డబ్బు ఏ పరిస్థితిలో తిరిగి ఇస్తారు అన్నవి కాగితం మీద రాయించుకోండి. వాట్సాప్ సందేశంగా పంపించుకున్నా సరే, నోటిమాటగా మాత్రం వదిలేయకండి.

ఇంకొక ప్రశ్న ఉంది, దానికి వచ్చే జవాబును బట్టి బ్యూరో తీరు తెలిసిపోతుంది: "మేము ఇచ్చే దానిలో ఆమె చేతికి ఎంత అందుతుంది, ఏ తారీఖున అందుతుంది?" సూటిగా చెప్పేవారిని నమ్మవచ్చు. అది మీకెందుకు అన్నట్టు మాట్లాడేవారి దగ్గర మనుషులు నిలవరు, నెలకో కొత్త మొహం వస్తుంది, ప్రతి కొత్త మొహానికీ మీ నాన్నగారు మళ్లీ మొదటి నుంచి ఒళ్లు అప్పగించాలి. పెద్దవారికి అది ఎంత కష్టమో బయటివారికి తెలియదు.

వంట, అంట్లు, ఇల్లు ఊడవడం ఆమె పనిలో ఉన్నాయా లేదా అన్నది కూడా ముందే చెప్పాలి. పెద్దవారికి కావలసిన జావ కాచడం, మెత్తటి అన్నం కలపడం, వారి బట్టలు ఉతకడం వేరు, ఇంటిల్లిపాదికీ వండిపెట్టడం వేరు. పనులు ఒక్కొక్కటిగా పెరుగుతూ పోతే, ఏ మనిషి కోసం ఆమెను పిలిచామో ఆ మనిషే చివరికి వెనకబడిపోతారు.

పెద్దవారి మాట

మనిషిని ఎంచుకునే మాటల్లో పెద్దవారు లేకపోవడం మన ఇళ్లలో మామూలైపోయింది. వాళ్ల ఒంటి మీద చెయ్యి వేయబోయే మనిషిని వాళ్లకు చెప్పకుండా తెచ్చి నిలబెట్టడం అన్యాయం. స్నానానికి ఆడమనిషి కావాలా, మగమనిషి కావాలా, పొద్దున్న చేయించుకుంటారా, సాయంత్రమా, పూజ గదిలోకి రావచ్చా, ఏ భాష మాట్లాడితే హాయిగా ఉంటుంది అన్నవి వారినే అడగాలి. మాట పడిపోయినవారైతే రెండు వేళ్లు చూపించి ఎంచుకోమన్నా చాలు. నిలువెత్తు మగవారిని లేపడానికి బలం కావాలి కనుక అక్కడ మగ అటెండరు అవసరం అవుతాడు, ఆడవారికి మాత్రం ఆడమనిషే ఉండాలి.

కొన్ని ఇళ్లలో మొదటి ప్రశ్న కులం గురించి వస్తుంది. దయచేసి ఆ ప్రశ్న మానండి. ఇంట్లో మాంసం వండరు, తినరు అన్న నియమం ఉంటే దాన్ని నియమంగానే చెప్పండి, ఆమెకు సమ్మతమైతే వస్తుంది. వేరే గ్లాసు, వేరే కంచం పెట్టి, మలమూత్రాలు ఎత్తే చేతులను దూరంగా ఉంచే ఇంట్లో ప్రేమతో చేసే సేవను ఆశించడం ధర్మం కాదు.

ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడటం, చేయించి చూడటం

మాటల్లో అందరూ "అన్నీ వచ్చండీ" అంటారు. అందుచేత, ఏం వచ్చు అని కాకుండా, ఇలా జరిగితే ఏం చేస్తారు అని అడగండి. మా అత్తగారి కోసం వచ్చిన ముగ్గురిని మేము ఒకే మాట అడిగాము: అన్నం తింటూ తింటూ ఆమెకు పొలమారితే ఏం చేస్తారు? ఒకరు నీళ్లు తాగిస్తామన్నారు, ఒకరు వీపు నిమురుతామన్నారు. మూడో ఆమె, "ముందు పెట్టడం ఆపేస్తానండీ, ముందుకు వంచి దగ్గనిస్తాను, అసలు పడుకోబెట్టి పెట్టను కదా" అంది. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి దించి, చిన్న ముద్దలు పెట్టి, తిన్నాక అరగంట వరకు పడుకోనివ్వకూడదన్నది పక్షవాతం వచ్చినవారి విషయంలో ప్రాణానికి సంబంధించిన జాగ్రత్త, ఎందుకంటే ఊపిరితిత్తుల్లోకి పోయిన మెతుకు న్యుమోనియాకు దారి తీయవచ్చు.

ఆ మూడో ఆమెనే ఒక పూట పని చేసి చూపించమని, ఆ పూటకు డబ్బు ఇస్తామని చెప్పి అడిగాము. ఆ ఉదయం నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను. ఆమె మంచం పక్కన వంగి, మొదట పేరు చెప్పుకుంది. జాకెట్టు మార్చే ముందు తలుపు మూసి, ఒక దుప్పటి కప్పింది. తర్వాత, "అమ్మా, పడిపోయిన చెయ్యి ముందు వేద్దామా?" అని అడిగి, పని చేయని కుడి చేతిని మోచేతి కింద తన అరచేతితో మోస్తూ జాకెట్టు చేతిలోకి ఎక్కించి, ఆ తర్వాతే ఎడమ చేతిని వేసుకోనిచ్చింది. పాత జాకెట్టు విప్పేటప్పుడు ఆ వరస తిరగేసి, బాగున్న చేతిని ముందు తీసింది. కుర్చీని మా అత్తగారి ఎడమ వైపు, బలమున్న వైపు పెట్టింది. చంకల కింద చేతులు వేసి గుంజలేదు, కుడి చెయ్యి పట్టి లాగలేదు. అలా లాగితే పట్టు లేని భుజం కీలు జారుతుంది. ఇవన్నీ ఆమె పనిలో చేయి తిరిగినదని చెప్పే గుర్తులు. ఆ పూట అయ్యేసరికి మా అత్తగారు ఎడమ చేత్తో ఆమె కొంగు పట్టుకున్నారు.

మతిమరుపు వ్యాధి ఉన్నవారి కోసం వచ్చేవారిని అడగవలసిన ప్రశ్న వేరు. సాయంకాలం చీకటి పడే వేళకు అటువంటివారికి గాభరా పెరుగుతుంది. సొంత ఇంట్లోనే ఉండి "మా ఇంటికి పోతాను" అని గుమ్మం దగ్గర నిలబడతారు. అప్పుడు ఏం చేస్తారు అని అడగండి. "ఇదే మీ ఇల్లు అని చెప్తాను" అనేవారికి ఇంకా అనుభవం రాలేదు, ఎందుకంటే వాదన పెరిగేకొద్దీ గాభరా పెరుగుతుంది. "మీది ఏ ఊరండీ అని అడుగుతూ వరండాలో నాలుగు అడుగులు వేయిస్తాను" అనే మనిషి దొరికితే వదులుకోకండి.

కాగితాలు, డబ్బు, కెమెరా

ఆధార్ ప్రతి తీసుకుని, అసలు కార్డు మీది క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి చూడండి. సొంత ఊరి చిరునామా, అక్కడి బంధువు ఒకరి ఫోన్ నంబరు, ఇంతకుముందు పనిచేసిన ఇద్దరి నంబర్లు రాసుకుని, ఆ ఇద్దరికీ నిజంగా ఫోన్ చేయండి. "ఎందుకు మానేశారు?" అన్న ఒక్క ప్రశ్న చాలు. స్థానిక పోలీసు స్టేషన్‌లో వివరాలు నమోదు చేయించండి, దాన్ని ఆమెకు ముందే చెప్పి చేయించండి. మైనరు ఆడపిల్లలను పంపే బ్యూరోతో ఏ సంబంధమూ పెట్టుకోవద్దు.

ఏటీఎం కార్డు, పిన్, ఫోన్ లాక్, బీరువా తాళం తోడు మనిషికి ఇవ్వకండి. ఇది అనుమానం వల్ల చెప్పేది కాదు. రేపు వంద రూపాయల తేడా వచ్చినా నింద పడేది ఆమె మీదే కనుక, ఆ నింద వచ్చే దారిని మూసేయడం ఆమెకూ రక్ష. 70 ఏళ్లు దాటినవారికి ఇంటి దగ్గరే ప్రాథమిక బ్యాంకు సేవలు అందించాలని రిజర్వ్ బ్యాంకు 2017లోనే బ్యాంకులకు సూచించింది, మీ శాఖలో అడగండి. పెన్షన్‌దారులు బతికే ఉన్నామని ఏటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ్ పత్రాన్ని ఫోన్‌లో ముఖం చూపించి ఇంట్లోనే పంపవచ్చు. పాలు, మందులు, కూరలకు చిన్న మొత్తం ఒక డబ్బాలో పెట్టి, పక్కన చిల్లర పుస్తకం ఉంచితే చాలు.

కెమెరా పెట్టదలిస్తే ఆమెకూ, పెద్దవారికీ చెప్పి, హాలులో పెట్టండి. స్నానం, బట్టలు మార్చడం జరిగే చోట ఎవరి కోసమైనా సరే పెట్టకూడదు. పనిచేసే ఆడవారి మీద లైంగిక వేధింపులను నిరోధించే 2013 నాటి చట్టం ఇంటిని కూడా పని ప్రదేశంగానే లెక్కిస్తుందనీ, ఆమె జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేసుకోవచ్చనీ ఇంటి మగవారికి తెలిసి ఉండాలి.

మొదటి నెల

మంచం పక్కన ఒక నోటు పుస్తకం ఉంచి, తిన్నది, తాగిన నీళ్లు, విరేచనం, మూత్రం, పక్క మార్చిన వేళలు రాయమని చెప్పండి. రాయడం రానివారికి గడియారం బొమ్మలు గీసి టిక్కు పెట్టమన్నా సరిపోతుంది. మంచాన పడినవారిని సుమారు రెండు గంటలకొకసారి పక్క మార్చాలి, గాలి పరుపు ఉన్నా మార్చాలి. వారానికి రెండుసార్లు స్నానం వేళకు మీరే వెళ్లి నడుము కింది ఎముక, తుంటి, మడమలు చూడండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే ఎరుపు పోకుండా నిలిచి ఉంటే అది పుండుకు నాంది. చామనఛాయ ఒంటి మీద ఎరుపు కనపడకపోవచ్చు కనుక, ఆ చోటు వేడిగా, గట్టిగా ఉందేమో కూడా తడిమి చూడాలి.

పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండే ఇళ్లకు ఒక మాట చెప్పాలి. వీడియో కాల్‌లో మీరు చూసేది తల దువ్వి, పౌడరు అద్ది కూర్చోబెట్టిన అమ్మను. అందుచేత, తాళంచెవి ఉన్న ఒక బంధువో పక్కింటివారో వారానికొకసారి ముందు చెప్పకుండా వచ్చి, అమ్మతో ఒంటరిగా పది నిమిషాలు కూర్చునే ఏర్పాటు చేయండి. తోడు మనిషి గదిలోకి రాగానే అమ్మ మాట ఆపేస్తున్నా, చేతుల మీద కారణం తెలియని కమిలిన మచ్చలు కనిపిస్తున్నా, పగలంతా మత్తుగా ఉంటున్నా ఆగకండి. మొదట పెద్దవారిని సురక్షితంగా చూసుకుని, ఆ తర్వాత విచారించండి. వృద్ధుల కోసం నడిచే జాతీయ సహాయ కేంద్రం ఎల్డర్‌లైన్ నంబరు 14567. ప్రమాదం ఎదుటే ఉంటే 112.

ఆమెకు వారానికి ఒక రోజు సెలవు, పగలు రెండు గంటల విశ్రాంతి, పడుకోవడానికి సొంత చాప కాకుండా మంచం, వేళకు భోజనం ఇవ్వడాన్ని కూడా మొదటి రోజే కాగితం మీద రాయండి. సంక్రాంతికీ దసరాకూ అందరూ ఒకేసారి ఊరికి వెళ్తారు, ఆ వారంలో బ్యూరోలో మనిషి దొరకడు. కనుక, నెల ముందే రిలీవరును మాట్లాడుకుని, ఆమెను ఒక రోజు ముందుగా రప్పించి, ఆ ఒక్క రోజుకు ఇద్దరి జీతమూ ఇవ్వండి. మా ఇంట్లో ఆ రోజున పాత మనిషి కొత్త మనిషికి జాకెట్టు ఎలా తొడగాలో చూపిస్తుంటే, మా అత్తగారు తన కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి తానే ముందుకు చాపారు.